బండిలో పొత్రం

ముప్పై మూడేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. మైదానం మధ్య నిలబడి "సావధాన్" అని ఒక్క కేక పెడితే బడి మొత్తం ఎక్కడిదక్కడ నిలబడిపోయేది. కాళ్ళీడ్చుకుంటూ నడిచే పిల్ల కనబడితే నాకు ఒళ్ళు మండేది. "నేల తుడుస్తన్నావేటే? కాలెత్తి నడు" అని అరిచేదాన్ని. ఆ పిల్లల ఉసురు తగిలిందో ఏమో, రిటైరైన రెండేళ్ళకే నా మోకాళ్ళు పోయాయి.

పోయాయంటే మంచం పట్టలేదు. చేతికి ఏదైనా ఆసరా దొరికితే శుభ్రంగా నడుస్తాను. ఇంట్లో అయితే గోడ ఉంది, ఫ్రిజ్జు ఉంది, కుర్చీ వీపులున్నాయి. వీధిలోకి వెళ్తేనే చిక్కు. గోడలు మనతోపాటు బజారుకి రావు కదా. ఊరికే చేతులూపుకుంటూ పది అడుగులు వేశానంటే ఎడమ మోకాలు చెప్పాపెట్టకుండా మడతపడిపోతుంది. చేతికర్ర కొనుక్కోవచ్చు కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను. గొడుగు ఒకటి కర్రలా పట్టుకుని అద్దం ముందు నిలబడి చూసుకున్నాను కూడా. అద్దంలో కనబడినావిణ్ణి చూస్తే నాకే కోపం వచ్చింది. గొడుగు తీసుకెళ్ళి మేకుకి తగిలించేశాను.

ఆ రోజుల్లోనే మా మనవరాలు పుట్టింది. దానికి తొమ్మిదో నెల వచ్చేసరికి మా అమ్మాయి మళ్ళీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. ఆఫీసు విజయనగరంలో. పొద్దున్నే ఆటోలో ఆమదాలవలస వెళ్ళి రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుతుంది. అల్లుడిది ఓడ ఉద్యోగం, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. మా ఆయన పోయి చాలా కాలమైంది. అందుకని శ్రీకాకుళంలో మా ఇంట్లో పగలంతా నేనూ, పిల్లా. అల్లుడు ఓసారి ఓడ దిగి వస్తూ పిల్లని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి ఒకటి తెచ్చాడు. నాలుగు చక్రాలు, పైన నీలం గుడ్డతో చిన్న గూడు, బిడ్డ జారిపోకుండా బెల్టులు, వెనకాల రెండు చేతులతో పట్టుకోడానికి అడ్డంగా ఒక కడ్డీ.

మా వీధిలో అందరూ నవ్వారు. "సంకనేసుకుంటే పోయేదానికి ఇదేటి సోకు" అని ఎదురింటావిడ మూతి తిప్పింది. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. కానీ మొదటిరోజు పిల్లని అందులో కూర్చోబెట్టి, ఆ కడ్డీ పట్టుకుని నాగావళి గట్టు దాకా వెళ్ళి ఇంటికొచ్చాక గమనించాను, దారిలో నేను ఒక్కసారి కూడా ఆగలేదు. మోకాలు మడతపడలేదు. నడుం నిటారుగా ఉంది. ఎదురైన పాత విద్యార్థిని ఒకమ్మాయి "మేడమ్, మీరేం మారలేదు" అంది కూడా. ఆ పూట నేను రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

అదీ సంగతి. బండి పిల్లది, ఆసరా నాది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా మా అమ్మాయికి తెలియకూడదు. తెలిస్తే ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు, నా పెంపకమే కదా. నువ్వే పడిపోయేలా ఉంటే పిల్లని పట్టుకుని రోడ్డు మీదకెలా వెళ్తావని, ఆ మర్నాడే తీసుకెళ్ళి ప్లేస్కూల్లో పడేస్తుంది. దాని తరవాత పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ. నా భయమల్లా అదే. మోకాళ్ళ గురించి నాకంత దిగుల్లేదు.

ఏడాదికి పైగా మేమిద్దరం తిరగని సందు లేదు. పొద్దున్న ఎండ ముదరకముందే బయల్దేరేవాళ్ళం. గట్టు మీద కాసేపు నీళ్ళు చూసి, అక్కణ్ణుంచి రైతుబజారు, అక్కణ్ణుంచి ఏడురోడ్ల కూడలి దాకా వెళ్ళి, ఎన్ని బస్సులొచ్చాయో లెక్కపెట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళం. పిల్ల దారిపొడవునా కనబడిన ప్రతి కుక్కకీ, ప్రతి ఆటోకీ పేరుపేరునా టాటా చెప్పేది. నేను దానికి "లెఫ్ట్, రైట్" నేర్పేదాన్ని. కూర్చునే కాళ్ళు ఆడించేది. దాని నెత్తి మీద వెంట్రుకల్లోంచి వచ్చే కొబ్బరినూనె వాసన గాలికి నా మొహానికి తగులుతూ ఉండేది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నాకంత సుఖంగా ఉన్న పొద్దులు గుర్తులేవు.

ఒకసారి ముగ్గురం శ్రీముఖలింగం వెళ్ళాం. బండిని చెప్పుల దగ్గర వదిలిపెట్టమన్నారు. చేసేదేముంది, గుడి గోడ మీద శిల్పాలన్నీ ఒక్కొక్కటే చేత్తో తడుముతూ, ఆగి ఆగి చూస్తూ ప్రదక్షిణం పూర్తిచేశాను. "మా అమ్మకి శిల్పాలంటే ఇంత ఇష్టమని నాకిన్నాళ్ళూ తెలీదు" అని మా అమ్మాయి ఆఫీసులో అందరికీ చెప్పుకుందట.

ఇలా ఎంతకాలమైనా నడిచిపోయేదే గానీ, పిల్ల ఎదిగింది.

రెండేళ్ళు దాటి మూడో నెల వచ్చేసరికి దాని కాళ్ళు బండిలోంచి వేలాడి నేలకి రాసుకోవడం మొదలైంది. చెప్పుల ముందుభాగాలు అరిగిపోయాయి. అరగడమొకటే అయితే కొత్త చెప్పులు కొంటాం. దానికి కూర్చోవడం మీద విరక్తి పుట్టింది. బెల్టు పెట్టబోతే వెదురుబద్దలా బిగుసుకుపోయేది. బలవంతాన పెడితే వీధి చివరిదాకా వినబడేలా "దిగుతా, దిగుతా" అని ఒకటే గోల. కిటికీల్లోంచి జనం చూసేవారు, నేనేదో పిల్లని ఎత్తుకుపోతున్నట్టు. అరటిపండు చూపించాను. అది తినేసి, తొక్క నా చేతికిచ్చి మళ్ళీ "దిగుతా" అంది.

దింపితే నడుస్తుందా అంటే, దానికి నడక రాదు. నిలబడ్డం, పరిగెత్తడం రెండే వచ్చు. మురుక్కాలవ పక్కన కూర్చుని రాయి ఏరుకుంటుంది, ఏరుకుంటూ ఏరుకుంటూ ఒక్కసారిగా లేచి లగెత్తుతుంది. ఐదువందల మంది ఆడపిల్లల్ని ఒక్క ఈలతో తిప్పినదాన్ని, రెండేళ్ళ దాన్ని ఆపలేకపోయాను. చెయ్యి పట్టుకుని నడిపిద్దామంటే నా రెండు చేతులూ కడ్డీకి కావాలి. పైగా ఇంకో తిరకాసు ఉంది. పిల్ల దిగిపోతే బండి తేలికైపోతుంది. తేలిక బండి కడ్డీ మీద నా బరువు ఆనించానంటే ముందుచక్రాలు గాల్లోకి లేచి బండి నా మీదకే వెల్లకిలా వస్తుంది. ఈ ముక్క అప్పటికి నాకు తెలియదు. తెలిసిన రోజు చెప్తాను.

మంగళవారం. ఏడురోడ్ల కూడలికి రెండు సందుల ఇవతల. ఒక మేకపిల్ల కనబడింది. పిల్ల అప్పుడే ఏడ్చి సాధించి దిగి, బండి పక్కన బుద్ధిగా నిలబడి ఉంది. మేకపిల్ల ఒక గెంతు గెంతింది. ఇదీ గెంతింది. మేకపిల్ల పెద్దరోడ్డు వైపు పరిగెత్తింది. ఇదీ దాని వెనకే. నేను ఒక్క ఉదుటున ముందుకి కదలబోయి కడ్డీ మీద బరువంతా వేశాను. తరవాత చూస్తే ఆకాశం కనబడింది. నేను రోడ్డు మీద వెల్లకిలా ఉన్నాను, ఖాళీ బండి నా పొట్ట మీద ఉంది.

పడుకునే కేక పెట్టాను. "సావధాన్!" ఆటో ఒకటి కీచుమని ఆగింది. అరటిపళ్ళ బండివాడు ఆగాడు. సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దమనిషి కాలు కిందపెట్టి మరీ ఆగాడు. మేక కూడా ఆగిందనే గుర్తు. ఆగనిది మా పిల్లొక్కతే.

అప్పుడు నా పక్కనుంచి ఒక మనిషి దూసుకుపోయింది. చేపల తట్ట రోడ్డు మధ్యలో అలాగే దింపేసి, చీర కుచ్చిళ్ళు చేత్తో పైకి పట్టుకుని, మడమ నేలకి ఆనకుండా పరుగు. ఆ స్థితిలో కూడా ఆ పరుగుని నేను గుర్తుపట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఏడో తరగతిలో ఉత్తకాళ్ళతో పరిగెత్తి నాకు రెండు కప్పులు గెలిచిపెట్టిన పిల్లది. సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. ఎనిమిదికి రాలేదు, పెళ్ళి చేసేశారు. ఇప్పుడు రోజూ మా వైపు చేపలమ్ముకుంటుంది. పెద్దరోడ్డు ఇంకో నాలుగు బారలుందనగా మా పిల్ల నడుం దొరకబుచ్చుకుని, చంకలో ఇరికించుకుని తెచ్చింది. పిల్ల ఏడవలేదు, మేక వెళ్ళిపోయిందని అలిగింది.

"టీచరమ్మా! దెబ్బ గట్టిగా తగిలిందేటి?" అంటూ నన్ను లేవదీసింది. నిలబడబోతే మోకాలు మళ్ళీ మడతపడింది. తను పట్టుకుంది. నా మొహంలోకి చూసింది. చేపల్ని చూసినట్టు చూసింది, ఎన్నాళ్ళదో ఇట్టే పోల్చేసేలా.

"కాళ్ళు పోనాయేటమ్మా నీకు? ఎన్నాళ్ళయినాది?"

"నోరు ముయ్యి. ఎవరికీ సెప్పకు."

"నానెందుకు సెప్తాను?" అంది. నా వీపు మీది దుమ్ము దులిపింది. బండిని లేవదీసి నిలబెట్టి, ఖాళీ సీటు వైపు చూసి బుగ్గ నొక్కుకుంది. "అయినా ఉత్తి బండి తొయ్యొచ్చేటమ్మా? ఉత్తి ఉయ్యాల ఊపితే పిల్లకి కడుపునొప్పొస్తాదంటారు. ఇదీ ఉయ్యాలే గదా, సక్రాల ఉయ్యాల. ఏటో ఒకటి అందులో పెట్టి తొయ్యాల."

పిల్లని ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టి, బండి కూడా తెచ్చిపెట్టి, అప్పుడు వెళ్ళి తట్ట ఎత్తుకుంది. ఆలోపు రెండు కానాగంత చేపల్ని కాకులు ఎత్తుకుపోయాయని తరవాత తెలిసింది.

నేనీ నమ్మకాలు నమ్మే మనిషిని కాదు. పిల్లి ఎదురొచ్చిందని ఆగిన పిల్లల్ని మైదానం చుట్టూ పరిగెత్తించాను. కానీ ఆ మధ్యాహ్నం మోకాలికి కాపడం పెట్టుకుంటూ ఉంటే "ఏటో ఒకటి పెట్టి తొయ్యాల" అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. నిజమే కదా. సీటులో బరువుంటే బండి వెనక్కి రాదు. పిల్ల కడుపునొప్పి మాట దేవుడెరుగు, నా నడుం మిగుల్తుంది.

బియ్యం సంచి పెట్టి చూశాను. పక్కకి వాలిపోయింది. ఇటుకలు పెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పెరట్లోకి వెళ్ళాను. అక్కడ రుబ్బురోలు ఉంది, అందులో పొత్రం. ఆదివారాలు గారెలకి తప్ప దాంతో పనిలేదు. నల్లగా, గుండ్రంగా, నున్నగా, ఐదారునెలల బిడ్డంత బరువు. మా పిల్ల బారసాలలో ఈ పొత్రానికే స్నానం చేయించి, బొట్టు పెట్టి, బిడ్డకంటే ముందు ఉయ్యాలలో పడుకోబెట్టి ఊపారు. అలా చేస్తే బిడ్డ రాయిలా గట్టిగా ఉంటుందని. "రాయికి జోల పాడ్డమేటి, మీ మొహాలు" అని ఆ రోజు అందరిముందూ వెటకారం చేసింది నేనే. ఇప్పుడు బండిని రోటి పక్కకే తెచ్చుకుని, అదే పొత్రాన్ని రెండు చేతులతో ఎత్తి అందులో పెట్టాను. మోకాళ్ళు పోయాయి గానీ చేతులు పోలేదు నాకు. పైన పాత తువ్వాలు కప్పాను. కడ్డీ మీద బరువు ఆనించి చూశాను. ముందుచక్రాలు లేవలేదు.

మర్నాడు పొద్దున పిల్ల బండి దగ్గరకొచ్చి ఆగిపోయింది. తన చోటులో ఎవరో ఉన్నారు. తువ్వాలు ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. నేను ఏదో ఒక కథ చెప్పడానికి నోరు తెరిచేలోపు, తువ్వాలు మెల్లిగా కప్పేసి, వేలు పెదాల మీద పెట్టుకుని నాతో అంది: "బాబు. బజ్జున్నాడు."

ఇంక చూస్కోండి. ఏ పిల్లయితే బండి ఎక్కనని, చెయ్యి పట్టుకోనని నన్ను ఏడిపించుకు తిందో, అదే పిల్ల ఆ రోజునుంచి బండి పక్క కడ్డీని ఒక చేత్తో పట్టుకుని, వదలకుండా నడవడం మొదలుపెట్టింది. నేను ఒక్క అడుగు గబుక్కున వేస్తే "మెల్లిగా అమ్మమ్మా, బాబు లేస్తాడు" అని కసిరేది. ఎండొస్తే నీలం గూడు ముందుకి లాగమనేది. గతుకు కనబడితే ముందే నిలబడిపోయి చెయ్యెత్తి నన్ను ఆపేది. దాని కాటుక డబ్బీలోంచి నా చేత పొత్రానికి దిష్టి చుక్క పెట్టించింది. ఒకరోజు మేకపిల్ల మళ్ళీ కనబడింది. పిల్ల కాళ్ళు రెండూ గెంతడానికి సిద్ధమయ్యాయి. అది మేక వైపు చూసి, బండి వైపు చూసి, నా వైపు చూసి, కడ్డీ ఇంకా గట్టిగా పట్టుకుంది.

దారిలో ఆడవాళ్ళు వంగి చూసేవారు, రెండో మనవడేమో అని. తువ్వాలు కింద రాయి కనబడేసరికి నోరెళ్ళబెట్టేవారు. "ఉత్తి బండి తొయ్యకూడదు కదండీ" అనేదాన్ని. "అవునవును" అని తలలూపేవారు. డ్రిల్లు టీచరుకి ఈ వయసులో ఎంత ఆచారం పట్టుకుందో అని ఊళ్ళో నాకు కొత్త పేరు వచ్చింది. చేపలావిడ మాత్రం నన్ను చూసినప్పుడల్లా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి నవ్వుకునేది. ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలు అలా గడిచాయి. ప్రతి శనివారం సాయంత్రం గుర్తుపెట్టుకుని పొత్రాన్ని తీసుకెళ్ళి రోట్లో పెట్టేసేదాన్ని, సోమవారం మళ్ళీ బండిలోకి. ఒక శనివారం మర్చిపోయాను.

ఆదివారం పొద్దున నేను వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. మా అమ్మాయి నానిన మినప్పప్పు గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, అదే గిన్నెతో వెనక్కి వచ్చింది. "అమ్మా, పొత్రమేదీ?"

నేను జవాబు వెతుక్కునేలోపే పిల్ల పరిగెత్తుకొచ్చి వేలు పెదాల మీద పెట్టుకుంది. "ఉష్. బాబు బజ్జున్నాడు." తల్లి కొంగు పట్టుకుని బండి దగ్గరికి తీసుకెళ్ళింది. మా అమ్మాయి తువ్వాలు ఎత్తింది. నల్లటి పొత్రం, నుదుటన దిష్టి చుక్క, పక్కన సగం కొరికిన బిస్కట్టు. మా అమ్మాయి పప్పు గిన్నె కిందపెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఎక్కువే నవ్వాను.

"ఏటమ్మా ఇది?"

"ఉత్తి బండి తొయ్యకూడదంటారు కదే. పిల్లకి కడుపునొప్పొస్తాదని..."

దాని నవ్వు అక్కడితో ఆగిపోయింది. "ఎవరూ, నువ్వా? పిల్లి ఎదురొచ్చిందని ఆగితే నన్ను మైదానం సుట్టూ మూడుసార్లు పరిగెట్టించిందానివి, నువ్వు నమ్ముతన్నావా ఇవన్నీ? ఏటైనాదో సెప్పు."

"ఏటీ అవ్వలేదు."

"బాబు బరువు" అంది పిల్ల, తల్లికి అర్థం కావడంలేదని జాలిపడి. "బాబు లేకపోతే అమ్మమ్మ పడిపోతాది."

"పడిపోయిందా? ఎప్పుడు?"

"మేక దగ్గర" అంది పిల్ల. అని వరండా మధ్యకి వెళ్ళి, "ధబ్" అంటూ వెల్లకిలా పడుకుని, చేతులూ కాళ్ళూ పైకెత్తి, నేనెలా పడ్డానో చూపించింది. అక్కడితో ఆగక, పడుకునే "సావదాన్" అని అరిచింది. ఒక్కటి కూడా మర్చిపోలేదు ముండ.

అప్పటిదాకా నేననుకున్నాను, అది బాబు కోసం మెల్లిగా నడుస్తోందని.

మా అమ్మాయి నవ్వలేదు. "అమ్మా, లే. గేటు దాకా నడు. ఏటీ పట్టుకోకుండా" అంది. మా బళ్ళోనే చదివింది, నా గొంతే వచ్చింది దానికి. నేను లేచాను. వీపు నిటారు చేసుకున్నాను. ఐదువందలమంది చూస్తున్నట్టు నడిచాను. ఒకటి, రెండు, మూడు. ఆరో అడుగు దాకా నాకే నమ్మకం కుదిరింది. ఎనిమిదో అడుగులో మోకాలు మడతపడింది. కింద పడలేదు. మా అమ్మాయి నా వెనకే చప్పుడు చెయ్యకుండా నడుస్తోంది, రెండు చేతులూ చాపుకుని.

"ఎన్నాళ్ళనుంచి?"

చెప్పాను.

"నాకు సెప్పకూడదేటి?"

"సెప్తే పిల్లని బళ్ళో యేసెస్తావు."

"యేస్తాను మరి! రోడ్డు మీద నీకేటైనా అయితే? దానికేటైనా అయితే?"

ఏడ్చాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్కరి ఎదుటా ఏడవని దాన్ని, మినప్పప్పు గిన్నె పక్కన చతికిలబడి ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. "అదొక్కటే ఉందే నాకు, పొద్దున్న పూట" అన్నాను. పిల్ల వచ్చి నా ఒళ్ళో కూర్చుని బిస్కట్టు నా నోట్లో పెట్టింది.

మా అమ్మాయి పొత్రాన్ని తీసుకెళ్ళి కడిగి, కాటుక చుక్క తుడిచేసి, పప్పు రుబ్బింది. బాబుని రుబ్బేస్తున్నారని పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. గారెలు బాగా వచ్చాయి. ఎవరమూ బాగున్నాయని అనలేదు.

సోమవారం నేను గదిలోంచి బయటికి రాలేదు. బండి మడతపెట్టి అటక మీదకి చేరిపోయి ఉంటుందని, ప్లేస్కూలు వాళ్ళకి ఫోను వెళ్ళిపోయి ఉంటుందని తెలుసు నాకు. నేనైతే అదే చేసేదాన్ని. గేటు దగ్గర చెప్పుల చప్పుడు వినబడి, మా అమ్మాయి బయల్దేరిందనుకుని అప్పుడు గోడ పట్టుకుని వచ్చాను.

బండి వాకిట్లో ఉంది. అందులో పొత్రం ఉంది. పిల్ల నెలల తరబడి పెట్టించుకోని బెల్టులు రెండూ పొత్రానికి అటూ ఇటూ వేసి, మధ్యలో బిగించి ఉన్నాయి. తువ్వాలు మడతపెట్టి కింద మెత్తగా వేసి ఉంది. పొత్రం మీద తడి ఆరని కొత్త కాటుక చుక్క.

మా అమ్మాయి ఇంకా గేటు దగ్గరే ఉంది, చెప్పు పట్టీ సరిచేసుకుంటూ. నా వైపు చూడలేదు. "రాయి దొర్లితే బండి ఒరిగిపోతాది. బెల్టులున్నాయి గదా, పెట్టుకోవాలని తెలీదేటి? టీచరువి" అంది. "గట్టు వేపెళ్ళు. ఏడురోడ్ల వేపెళ్ళకు. ఫోను మెళ్ళో యేసుకో. శనివారం డాట్రు దగ్గరికెళ్దాం, ఏటీ మాటాడకుండా వస్తావు."

"మరి పిల్లని..."

"మూడేళ్ళు నిండనీ" అని, రైలుకి టైమైపోయిందని ఆటో కోసం పరిగెత్తింది. దాని నడుం కూడా నిటారుగా ఉంటుంది. నేను వాకిట్లో అలా సావధాన్ లో నిలబడిపోయాను, పిల్ల వచ్చి "పద అమ్మమ్మా" అనేదాకా.

డాక్టరు వ్యాయామాలు రాశాడు. డ్రిల్లు టీచరుకి వ్యాయామాలు! కర్ర పట్టుకోమన్నాడు. నాకు నాలుగు చక్రాల కర్ర ఉందని చెప్పాను. ఏదైనా ఒకటే, పడకుండా ఉంటే చాలన్నాడు.

ఈ జూన్‌లో పిల్ల బళ్ళో చేరింది. వ్యాను గేటు దాకా వస్తుంది. మొదటిరోజు నాకు టాటా చెప్పింది, బండి దగ్గరకెళ్ళి బాబుకీ టాటా చెప్పింది, నాకు ఒక మాట అప్పగించి వెళ్ళింది: "మెల్లిగా వెళ్ళు." ఇల్లు నేననుకున్నంత ఖాళీగానే ఉంది, అబద్ధం ఎందుకు. వ్యాను మలుపు తిరిగాక కాసేపు లోపలికీ బయటికీ తిరిగాను. తరవాత కడ్డీ పట్టుకుని బయల్దేరాను.

చేపలావిడ ఆ పూట మా సందు మొగలో తట్ట దింపుకుని కూర్చుని ఉంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు, అందులో ఇద్దరు మా వీధివాళ్ళే. కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడ బండిలోకి వంగి చూసింది. "పాప ఏదండీ?"

"బడికెళ్ళింది."

బెల్టులు పెట్టుకుని కూర్చున్న పొత్రాన్ని మళ్ళీ చూసింది. "మరి ఈ బండి ఎవరికి?"

చేపలావిడ నేను కొన్న చేప పొలుసు గీకుతూ తలెత్తకుండానే, నాకిచ్చిన మాట ప్రకారం నా తరఫున అందుకుంది. "ఏటంటే అమ్మా, ఉత్తి బండి ఇంట్ల ఉంచకూడదనీసి, రేపు ఇంకో మనవడు పుడితే..."

పాపం, ఏడో తరగతి నుంచీ అంతే, నేను చెప్పిన మాట దాటదు. నేను నడుం నిటారు చేసుకున్నాను.

"నాకే" అన్నాను. మైదానంలో వెనక వరసకి కూడా వినబడే గొంతుతో. "మోకాళ్ళు పోయాయి. పట్టుకోకపోతే పడిపోతాను."

చేపలావిడ కత్తి ఆగింది. మా వీధివాళ్ళిద్దరూ తిరిగి నా వైపు చూశారు. నా చేపని సంచిలో వేయించుకుని పొత్రం పక్కన పెట్టి, నేను మెల్లిగా ఇంటివైపు నడిచాను.